మద్రాసు పెరగడంలో తొలి తెలుగు వర్తకుల పాత్ర నిజంగా ఎంత?

"మద్రాసును ఇంగ్లీషువాళ్లు కట్టారా, బేరి తిమ్మన్న లాంటి వర్తకులు కట్టారా?" అని అడిగారు. కోట ఈస్టిండియా కంపెనీదే. ఊరు మాత్రం వర్తకుల వల్లే నిలబడిందని నేనంటాను. మగ్గాల మధ్య పెరిగినవాణ్ని కాబట్టి నాకు అలాగే కనిపిస్తుంది.

మాది చీరాల పక్కన. నాన్న మాస్టర్ వీవర్. నేతగాళ్లకు నూలూ, కూలిలో కొంత అడ్వాన్సూ ఇచ్చి, నేసిన బట్టను మద్రాసు గోడౌన్ స్ట్రీట్‌లో వేసేవాడు. కాలేజీ సెలవుల్లో మూటలతో పాటు నేనూ వెళ్లేవాణ్ని. షావుకారు బట్ట తానును విప్పి, అంచు రెండు వేళ్లతో నలిపి, గుమ్మం దగ్గర వెలుతురులో చూసి, మేం ముందు పంపిన మచ్చు ముక్క తెచ్చి పక్కన పెట్టేవాడు. ఒక దీపావళి ముందు ఓ షాపువాళ్లు (పేరెందుకులెండి) పన్నా (బట్ట వెడల్పు) అంగుళం తగ్గిందని సగం సరుకు తిప్పి పంపేశారు. ఇంట్లో ఎంత టెన్షనో చెప్పలేను. అయినా మర్నాడు మగ్గాలు ఆగలేదు. నేతగాళ్లు నమ్మింది ఆ షాపును కాదు, నాన్నను.

తిమ్మన్న సంగతి నాకు అర్థమైంది ఇక్కడే. 1639లో అక్కడి పాలకులైన దామెర్ల నాయకుల నుంచి కంపెనీ మనిషి ఫ్రాన్సిస్ డే సంపాదించింది ఇసుక తీరం. కంపెనీకి కావలసింది బట్ట. నేతగాళ్లు ఇల్లూ వాకిలీ వదులుకుని, భాష రాని పరాయివాడి మాట మీద ఆ ఇసుకలోకి ఎందుకొస్తారు? డేకి దుబాసీగా ఉన్న తిమ్మన్న లాంటి మనిషి మధ్యలో నిలబడితేనే వస్తారు. దుబాసీ అంటే రెండు భాషలవాడు. మాట మార్చి చెప్పడం అందులో చిన్న పని. బేరం, పూచీ, తగవు అన్నీ అతని నెత్తినే. ఆ నాయకుల తండ్రి దామెర్ల చెన్నప్ప పేరు మీద చెన్నపట్నం అయిన ఆ ఊళ్లో చెన్నకేశవుడి గుడి లేచింది. 1640ల నాటి దానపత్రాల్లో తిమ్మన్న పేరుంది. గుడి కట్టడాన్ని భక్తి ఒక్కటిగా చూడకండి. ఇక్కడే ఉంటాం, పారిపోం అని నలుగురికీ చెప్పడం కూడా అదే.

తర్వాత కాశీ వీరన్న. కంపెనీ రికార్డుల్లో ఈయన "కాసా వెరోనా". మొదటిసారి చదివినప్పుడు ఎవరో ఇటలీ ఆసామి అనుకున్నాను! కంపెనీ ఆర్డరు ముఖ్య వర్తకుడైన ఈయన చేతికొచ్చేది. అడ్వాన్సుగా వచ్చిన వరహాలు కింది వర్తకుల మీదుగా నేతగాళ్లకు చేరేవి. ఓడలు కదిలే వేళకు తానులు కోటకు చేరాలి. అక్కడ మచ్చుతో సరిపోల్చి, నాసిరకమైతే ధర కోసేవాళ్లు, లేదా తిప్పి పంపేవాళ్లు. గోడౌన్ స్ట్రీట్ గుమ్మంలో నేను చూసింది ఇదే కదా.

వీళ్లను దేవుళ్లను చెయ్యక్కర్లేదు. వీరన్న గుత్తాధిపత్యం కింద చిన్న వర్తకులు నలిగారు. ఆయన దగ్గర డబ్బు తీసుకున్నాడన్న ఆరోపణతోనే మద్రాసులో కంపెనీ పెద్ద అయిన ఏజెంటు లాంగ్‌హార్న్ పదవి పోయింది. నేతగాడికి ఎంత మిగిలిందన్నది వేరే లెక్క, మా ఇంటి లెక్క కూడా కలిపే అంటున్నాను.

1680లో వీరన్న పోయాడు. ఆయన స్థానంలోకి తిమ్మన్న తమ్ముడు పెద్ద వెంకటాద్రి వచ్చాడు. అదే ఏడు కంపెనీతో గొడవ ముదిరి, అద్దకం పనివాళ్లు, మరికొందరు కోటకు దక్షిణాన ఉన్న శాంథోమ్ వెళ్లి కూర్చున్నారు. పట్నానికి సరుకులు రాకుండా ఆపారు. కోటలో ఫిరంగులున్నా బియ్యం బయటి నుంచే రావాలి మరి.

మద్రాసులో ఉంటే ఒక పూట తిరిగి చూడండి. పాత చెన్నకేశవుడి గుడిని 1757 ప్రాంతంలో కోట చుట్టూ ఖాళీ చేసేటప్పుడు పడగొట్టారు. ఆ చోట ఇప్పుడు హైకోర్టు ఉంది. మెట్రో దిగి అటు ఒకసారి చూసి, పూలబజారు వైపు నడిస్తే దేవరాజ ముదలి వీధిలో మళ్లీ కట్టిన గుడి కనిపిస్తుంది. పొద్దున్నే వెళ్లండి. పది దాటితే ఆ సందుల్లో మూటలు మోసేవాళ్లకు అడ్డం పడతారు, తిట్లు తింటారు.