ఒక సంకేతం, రెండు అక్షరాలు: జపనీస్ యుగనామం వెతికితే ఎందుకు దొరకదు?

ప్రశ్న: జపాన్ నుంచి వచ్చే ఇన్‌వాయిస్‌లను మా ఆఫీసు సాఫ్ట్‌వేర్‌లో నమోదు చేస్తుంటాం. కొన్నింటిలో తేదీకి ముందు ఉండే ‘రేవా’ అనే యుగనామం (జపాన్‌లో చక్రవర్తి పాలనాకాలానికి పెట్టే పేరు, సంవత్సరాలను దానితో లెక్కిస్తారు) రెండు అక్షరాలూ ఒక్క అక్షరమంత చోటులో ఇమిడిపోయి కనిపిస్తుంది. అదే పేరును విడివిడి అక్షరాలతో టైప్ చేసి వెతికితే ఆ ఇన్‌వాయిస్‌లు రావడం లేదు. ఫైలును సీఎస్‌వీగా మార్చితే దాని స్థానంలో ప్రశ్నార్థకం వస్తోంది. అది అక్షరమా, బొమ్మా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అది అక్షరమే. మన ‘క్ష’ను తలచుకుంటే విషయం సులువుగా అర్థమవుతుంది. కంటికి ఒక్కటిగా కనిపించే ‘క్ష’ను కంప్యూటర్ క, పొల్లు, ష అనే మూడు సంకేతాలుగా దాచుకుంటుంది, వాటిని కలిపి చూపే పని ఫాంటుది. మీరు చూసిన రేవా గుర్తు ఇందుకు సరిగ్గా తిరగేసిన వ్యవహారం: కంటికి రెండు అక్షరాలు, లోపల 13055 అనే ఒకే యూనికోడ్ (ప్రపంచ లిపుల్లోని ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే ప్రమాణం) సంఖ్య. విడిగా టైప్ చేసిన అక్షరాల సంఖ్యలు 20196, 21644. సంఖ్యలను మాత్రమే పోల్చి చూసే సాఫ్ట్‌వేర్‌కు ఈ రెండు రూపాలకూ ఏ సంబంధమూ కనిపించదు.

ఇలాంటి గుర్తులు యూనికోడ్ కంటే ముందే జపాన్‌లో వాడుకలో ఉన్నాయి. సున్నా చుట్టిన అంకెలు, కుదించిన కొలతల పేర్లు, బ్రాకెట్లలో కంపెనీ గుర్తు వంటివాటిని ఎన్ఈసీ వంటి తయారీదారులు తమ యంత్రాల్లో సొంతంగా చేర్చుకున్నారు. ఒకే సంకేతం ఒక్కో యంత్రంలో ఒక్కో గుర్తుకు చెందేది. అందువల్ల విండోస్‌లో సున్నా చుట్టిన ఒకటిగా రాసింది పాత మ్యాక్‌లో బ్రాకెట్లలోని ఆదివారం గుర్తుగా మారిపోయేది. పాత ఫైళ్లను నష్టం లేకుండా మార్చుకునేందుకు యూనికోడ్ వీటిలో చాలావాటికి చోటిచ్చింది. రేవా మాత్రం కొత్తది. ఆ పేరును 2019 ఏప్రిల్ 1న ప్రకటించారు, యుగం మే 1న మొదలైంది, ఈ ఒక్క గుర్తును చేర్చడానికే మే 7న యూనికోడ్ 12.1 విడుదలైంది. అంతకు ముందరి హేసే యుగం గుర్తు 13179 దగ్గర ఉంది. దాని పక్కన ఖాళీ లేకపోవడంతో రేవా విడిగా పడింది. సంఖ్యల క్రమంలో అమర్చితే యుగాలు కాలక్రమంలో కాకుండా, కొత్తది ముందుగా తిరగేసి వస్తాయి.

మీ సీఎస్‌వీ బహుశా జపనీస్ అక్షరాలకు సంకేతాలిచ్చే షిఫ్ట్-జిస్ అనే పాత పద్ధతిలో సేవ్ అవుతోంది. విండోస్ వాడే ఆ అక్షరాల పట్టికలో రేవా గుర్తుకు స్థానం లేదు. తెర మీద ఖాళీ డబ్బా కనిపిస్తే ఫాంటులో ఆ రూపం లేదని అర్థం, సమాచారం భద్రంగానే ఉంటుంది. సేవ్ చేశాక ప్రశ్నార్థకం వచ్చిందంటే మాత్రం ఆ అక్షరం పోయినట్టే, ఏ ఫాంటూ దాన్ని తిరిగి తేలేదు. అసలు ఫైలు నుంచి యూటీఎఫ్-8లో (యూనికోడ్ అక్షరాలన్నింటినీ దాచగల పద్ధతి) మళ్లీ సేవ్ చేయండి.

వెతుకులాటకు ఎన్ఎఫ్‌కేసీ అనే సాధారణీకరణ పద్ధతి, అంటే ఒకే అక్షరానికున్న వేర్వేరు రూపాలను ఒకే రూపంలోకి తెచ్చే పద్ధతి, ఉంది. పైథాన్, జావా వంటి భాషల్లో ఇది సిద్ధంగా దొరుకుతుంది, రేవా గుర్తును రెండు మామూలు అక్షరాలుగా విడదీస్తుంది. అయితే దాని ఫలితాన్ని వెతకడానికి వేరే నిలువు వరుసలో ఉంచుకోండి గానీ, అసలు పాఠం మీద రాయవద్దని గట్టిగా చెబుతున్నాను. అది చదరపు మీటరు గుర్తులోని పై అంకెను కిందికి దించి మామూలు 2గా మార్చేస్తుంది. ఇన్‌వాయిస్‌లో అది చిన్న పొరపాటు కాదు. మరో సంగతి, బ్రాకెట్లలో ఒక్క అక్షరంతో ఉండే కంపెనీ గుర్తును అది బ్రాకెట్లూ అక్షరమూగానే విడదీస్తుంది తప్ప ‘కబుషికి గైషా’ అనే పూర్తి పేరుగా మార్చదు. ఆ జతను మీ సాఫ్ట్‌వేర్ రాసేవారు విడిగా పట్టికలో చేర్చవలసిందే.