పోలండ్‌లో రాజును ఓట్లేసి ఎన్నుకునేవారా?

అవును, నిజమే. కాకపోతే ఓటు ప్రభువర్గానికే, రైతులకు కాదు. 1572లో పోలండ్ రాజు రెండో సిగిస్మండ్ ఆగస్టస్ వారసుడు లేకుండా చనిపోయాడు. దాంతో మరుసటి ఏడాది వేల మంది ప్రభువులు వార్సా దగ్గర మైదానంలో గుమిగూడి ఫ్రాన్స్ రాజు తమ్ముడు హెన్రీని ఎన్నుకున్నారు.

ఊరికే కిరీటం పెట్టలేదు, ముందే షరతులు రాసి పెట్టారు. రెండేళ్లకోసారి పార్లమెంటు లాంటి ప్రభువుల సభ పిలవాలి, సభ ఒప్పుకోకుండా కొత్త పన్ను వేయకూడదు, సింహాసనం కొడుక్కి రాసివ్వకూడదు. మాట తప్పితే రాజుకు లోబడక్కర్లేదని కూడా అందులోనే ఉంది! ఇప్పటి ఉద్యోగ ఒప్పందాల్లో కూడా ఇంత గట్టి షరతులుండవేమో.

1574 ఫిబ్రవరిలో హెన్రీకి క్రాకోలో పట్టాభిషేకం జరిగింది. మే నెలాఖరున అన్న చనిపోయాడు, అక్కడ ఫ్రాన్స్ గద్దె ఖాళీ. అంతే, జూన్‌లో ఒక రాత్రి మన రాజుగారు కోటలోంచి దొంగచాటుగా జారుకుని సరిహద్దు దాటేశాడు. పోలండ్ వాళ్లు వెంటపడ్డా వెనక్కి రాలేదు. ఫ్రాన్స్‌లో మూడో హెన్రీ అయ్యాడు.

పోలండ్ ఆయన కోసం కొన్నాళ్లు ఎదురుచూసి, 1575లో మళ్లీ ఎన్నిక పెట్టుకుంది. ఆ షరతులు మాత్రం ఆయన పేరుతోనే నిలిచిపోయాయి. తర్వాతి రాజులందరూ వాటికి ఒప్పుకోవాల్సి వచ్చింది. ఇలాంటి చివరి ఎన్నిక 1764లో జరిగింది.