వంగ మడిలో దుంప వేస్తానంటున్న మేనల్లుడికి

బుజ్జీ,

ఉద్యోగం మానేసి పద్మనాభం ఊళ్లో మన పొలంలో బంగాళాదుంప వేస్తావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మనింట్లో మళ్లీ ఒకడు మట్టిలో దిగుతున్నాడంటే గర్వంగానే ఉంది. కానీ ఆ తూర్పు మడే దొరికిందిరా నీకు? అది విన్నప్పటి నుంచి నాకు టెన్షన్.

మిగతావి నీకు తెలిసినవే. మార్గశిరం దాటనివ్వకు, రాత్రి చలి లేకపోతే దుంప ఊరదు. కూరకి అమ్మే దుంప విత్తనానికి పనికిరాదు. నీళ్లు నిలవనివ్వకు.

ఆ మడిలో మీ నాన్న ఏటా వంగే వేసేవాడు. విశాఖ ఎంవీపీ కాలనీ రైతు బజారులో మన వంకాయలు పొద్దెక్కకుండానే అయిపోయేవి. ఒక ఏడు పూత మీదున్న మొక్కలు మధ్యాహ్నం వాలి, సాయంత్రానికి తేరుకుని, నాలుగు రోజులకి నిలువునా ఎండిపోయాయి. కాండం చీలిస్తే లోపల గోధుమ రంగు చారలు. మందుల కొట్టతను ఎండు తెగులని బూజు మందిచ్చాడు. తమ్ముడు మొదళ్లలో పోశాడు, మళ్లీ పోశాడు. మరుసటేడు తెగులు తట్టుకునే రకం తెచ్చాడు, అదీ పోయింది. ఒక్క మొక్కని తవ్వి వేరు చూడరా అంటే, "తెగులు పైనుంటే కింద చూడమంటావేంటక్కా" అని నవ్వేవాడు. చివరికి నేనే పారతో తీసి కడిగాను. వేళ్లనిండా బుడిపెలు! పెసర వేరు బుడిపె గోరుతో గీకితే ఊడుతుంది, ఇవి ఊడలేదు. మట్టిలో ఉండే, కంటికి కనపడని నులిపురుగుల పని అది.

పురుగు వేరులో చేరి కణాలని ఉబ్బించి తనకి తిండి తయారు చేయించుకుంటుంది. ఆ తిండి మీద ఎండు తెగులు తెచ్చే బూజూ బలుస్తుంది. తట్టుకునే రకాలు కూడా అందుకే లొంగిపోతాయి. అమెరికాలో అట్కిన్సన్ అనే శాస్త్రవేత్త 1892లోనే పత్తిలో ఈ జోడీని గుర్తించాడు, మన ఊరికి మాత్రం కబురు రాలేదు! దుంపలోనూ ఇంతే. అక్కడి చలి ప్రాంతాల్లో వెర్టిసిలియం బూజు, బుడిపెలు కట్టని ఇంకో నులిపురుగు కలిసి పైరుని ముందే చంపేస్తాయి. విడివిడిగా పెద్ద నష్టం చేయనంత కొద్దిగా ఉన్నా, రెండూ కలిస్తే దుంప ఊరకముందే ఆకు పండిపోతుంది. ఆ బూజు గింజలు పదేళ్లకు పైగా మట్టిలో బతుకుతాయి. మన బుడిపె పురుగైతే దుంప మీదే మొటిమలు లేపుతుంది, ఎవడు కొంటాడు?

అందుకని ఈ ఏడు ఆ మడి జోలికెళ్లకు. పల్లంలో వరి కోసిన చెక్కలో వేసుకో, బోదెలు ఎత్తుగా తోలు. నీళ్లలో నానిన నేలలో ఈ రెండూ తగ్గుతాయి. తూర్పు మడిని వేసవిలో లోతుగా దున్ని ఎండబెట్టు, వానలకి ఒత్తుగా బంతి వెయ్యి, ఆనందపురంలో పూలు అమ్ముకోవచ్చు. బంతి పురుగుని తగ్గిస్తుంది గానీ బూజుని కాదు. దానికి రెండు కిలోల ట్రైకోడెర్మా (తెగులు బూజుని అణిచే మంచి బూజు పొడి), తొంభై కిలోల పశువుల ఎరువు, పది కిలోల వేపపిండి కలిపి, నీడలో వారం మాగనిచ్చి చల్లు. వంగ, టమాటా, మిరప వద్దు. అద్దె ట్రాక్టరు గట్టు దిగేముందు చక్రాల మట్టి కడిగించు, మొహమాటపడకు.

భూసార పరీక్షలో నులిపురుగుల లెక్క రాదు, విడిగా అడగాలి. జానెడు లోతు నుంచి తడి మట్టి, సన్న వేళ్లతో సహా, కవర్లో కట్టు. ఎండలో పెట్టావో, పురుగు చచ్చి ఏమీ లేదని కాగితం వస్తుంది.

ఆ వంగ పోయాకే మీ నాన్న పొలం వదిలి గాజువాక వెళ్లి వాచ్‌మన్‌గా చేరాడు. నిన్ను బెదిరించాలని కాదురా, నువ్వూ అలా వెనక్కి వెళ్తావేమోనని నా బెంగ. డబ్బు తక్కువైతే మీ అమ్మని కాదు, నన్నడుగు. ఆదివారం మట్టి తియ్యడానికి నేనూ వస్తాను. నా మోకాళ్ల సంగతి ఇంట్లో ఎత్తకు, గట్టు మీద కుర్చీ ఒకటి వేసి ఉంచు.

మీ అత్త