సెడూనా నుంచి యూక్లాకు: మేనల్లుడికి ఉత్తరం

చిరంజీవి రవికి,

మామయ్య ఆశీస్సులు. ఆగస్టులో పెర్త్‌లో ఉద్యోగంలో చేరాలని, అడిలైడ్ నుంచి అమ్మాయిని తీసుకుని కారులోనే వెళ్తానని నువ్వు చెప్పగానే మీ అత్త కంగారుపడింది. నాకు మాత్రం కాస్త అసూయ కలిగింది. ఆ దారిలో నేను మూడుసార్లు వెళ్ళాను. మొత్తం ప్రయాణం సంగతి వదిలేసి, దక్షిణ ఆస్ట్రేలియాలోని సెడూనా నుంచి, పశ్చిమ ఆస్ట్రేలియా సరిహద్దు దాటగానే వచ్చే యూక్లాకు వెళ్ళే ఒక్క రోజు గురించి రాస్తున్నాను.

దూరం 490 కిలోమీటర్ల దాకా ఉంటుంది. విజయవాడ నుంచి విశాఖ ఎన్నిసార్లు వెళ్ళలేదూ అంటావు. అక్కడ నిద్రొస్తే టీ కొట్టు, టైరు పోతే పంక్చరు షాపు ఉంటాయి. ఇక్కడ నల్లార్‌బోర్ రోడ్‌హౌస్ (పెట్రోలు, తిండి, గది దొరికే మజిలీ) దాటాక రాష్ట్ర సరిహద్దులోని బోర్డర్ విలేజ్ దాకా సుమారు 185 కిలోమీటర్లు పెట్రోలు బంకే ఉండదు. ట్యాంకు సగం ఉన్నా సరే, నల్లార్‌బోర్‌లోనే ఫుల్ చేయించు. రేటు చూసి గొణుక్కోకు. నీళ్ళు మనిషికి పది లీటర్లకు తగ్గకుండా పెట్టుకో. చాలా దూరం సిగ్నల్ ఉండదు కాబట్టి మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకో.

అన్నిటికన్నా ముఖ్యం వేళ. ఆగస్టులో సెడూనాలో ఏడూ ఇరవైకి గానీ సూర్యుడు రాడు. ఎనిమిదికి బయల్దేరు, ముందొద్దు. తెల్లవారుజామున, మునిమాపు వేళ కంగారూలు రోడ్డెక్కుతాయి. రెండోసారి వెళ్ళినప్పుడు "ఇంకో నలభై కిలోమీటర్లేగా" అని చీకట్లో లాగించాను. గుద్దుకున్నది ఒక్క కంగారూయే, రేడియేటర్ పగిలిపోయింది. ఒక లారీ డ్రైవరు ఆగేదాకా చలిలో వణుకుతూ కూర్చున్నాం. ఆ మాట మీ అత్త ఇప్పటికీ ఎత్తుతుంది.

నల్లార్‌బోర్‌కు 20 కిలోమీటర్ల ముందు ఎడమకి హెడ్ ఆఫ్ బైట్ అనే సముద్రతీరానికి దారి వస్తుంది. టైమ్ లేదని దాన్ని మాత్రం దాటేయకు. అంటార్కిటికా వైపు నుంచి సదరన్ రైట్ అనే జాతి తిమింగలాలు చలికాలంలో (అక్కడ ఆగస్టు చలికాలమే) పిల్లల్ని కనడానికి ఇక్కడికొస్తాయి. చెక్క వంతెన మీద నిలబడితే కిందనే తల్లీ పిల్లా పక్కపక్కన తేలుతూ కనిపిస్తాయి. నేను పావుగంట అనుకుని వెళ్ళి రెండు గంటలు ఉండిపోయాను. ఆ తర్వాత దారిలో బుండా కొండచరియలు వస్తాయి. నేల ఉన్నట్టుండి తెగిపోయి, కింద సముద్రం. అది సున్నపురాయి, అంచు కింద బోలుగా ఉండొచ్చు. ఫొటో కోసం కంచె దాటొద్దని అమ్మాయికి గట్టిగా చెప్పు. నీకు కూడా.

రోడ్ ట్రైన్లంటే రెండు మూడు ట్రైలర్లు తగిలించుకున్న లారీలు. ఎదురొచ్చినప్పుడు గాలికి కారు ఊగుతుంది, స్టీరింగ్ రెండు చేతులా పట్టుకో. దాటాలంటే చాలా దూరం ఖాళీ కనపడాలి, లేదంటే వెనకే నడుపు. ఎదురొచ్చే డ్రైవర్లు స్టీరింగ్ మీంచి ఒక వేలెత్తి పలకరిస్తారు. నువ్వూ ఎత్తు.

బోర్డర్ విలేజ్ దగ్గర క్వారంటైన్ తనిఖీ ఉంటుంది. పండ్లు, పచ్చి కూరగాయలు, తేనె పశ్చిమ ఆస్ట్రేలియాలోకి రానివ్వరు. పెరట్లో కోసిన కరివేపాకు మొత్తం మీ అత్త అక్కడి డబ్బాలో పడేసి, యూక్లా దాకా మాట్లాడలేదు. ఉన్న కూరగాయలన్నీ ముందు రాత్రే వండేసుకోండి.

యూక్లాలో గడియారం 45 నిమిషాలు వెనక్కి తిప్పాలి. ఆ చుట్టుపక్కల నాలుగైదు చోట్లకే ఉన్న టైమ్ అది. మన ఇండియా కంటే మూడుంబావు గంటలు ముందు. అక్కడ ఐదున్నరకల్లా పొద్దు గూకుతుంది. మూడున్నరకి చేరితే, 1877లో మొదలైన పాత టెలిగ్రాఫ్ ఆఫీసు ఇసుక దిబ్బల్లో కూరుకుపోయి ఉంటుంది, వెళ్ళి చూసి రండి.

రూములో దిగగానే ఫోన్ చెయ్యి. మీ అత్త ఆ పూట నిద్రపోదు.

మీ మామయ్య