డిస్నీ మిక్కీ మౌస్ కార్టూన్లలో గూఫీ మాట్లాడతాడు, ప్లూటో మాట్లాడదు. రెండూ కుక్కలే కదా, ఎందుకలా?

మీ ఆరేళ్ల పాప అడిగిందన్న ఈ ప్రశ్నకు సగం జవాబు మీరు రాసిన వాక్యంలోనే ఉంది. గూఫీ 'మాట్లాడతాడు' అన్నారు, ప్లూటో 'మాట్లాడదు' అన్నారు. ఆలోచించకుండానే ఒకరిని మనిషిని చేశారు, ఇంకోదాన్ని కుక్కగానే ఉంచారు.

నేను పదకొండేళ్లుగా హైదరాబాద్‌లో పిల్లల కార్టూన్లకు తెలుగు డబ్బింగ్ మాటలు రాస్తున్నాను. కొత్త సీరియల్ చేతికొస్తే నేను మొట్టమొదట తేల్చుకునేది ఇదే: ఈ జంతువు 'వాడా', 'అదా'? ఇంగ్లీషులో పెంపుడు కుక్కను కూడా 'హీ' అనేస్తారు కాబట్టి వాళ్లకు ఈ చిక్కు లేదు. మనకు మాత్రం 'వచ్చాడు' అనాలా 'వచ్చింది' అనాలా అని తేలితే తప్ప ఒక్క లైను కూడా ముందుకు కదలదు.

గూఫీ 1932లో తొలిసారి తెరమీదకొచ్చినప్పుడు చేసిన పని గుర్తు చేసుకోండి. నాటకం చూడ్డానికొచ్చిన జనంలో కూర్చుని, వేరుశనక్కాయలు నములుతూ, పక్కవాళ్లకు చిరాకు పుట్టేలా నవ్వడం. అంటే పుట్టుకతోనే ఊళ్లో ఒకడు. టోపీ పెడతాడు, రెండు కాళ్లమీద నడుస్తాడు, కారు తోలతాడు. ప్లూటో అలా కాదు. 1930లో జైలు నుంచి పారిపోయిన ఖైదీ వాసన పట్టే వేటకుక్కగా వచ్చింది, మరుసటేడు మిక్కీ పెంపుడు కుక్క అయింది. ఆ 1931లోనే ఒక వేట కార్టూన్‌లో దాని చేత మాట పలికించి చూశారు కూడా. ఆ పద్ధతి నిలవలేదు. ఎందుకు నిలుస్తుంది చెప్పండి? చక్కగా మాట్లాడేవాడి మెడకు పట్టీ కట్టి, నేలమీద గిన్నెలో తిండి పెట్టి, 'పో, బంతి పట్రా' అంటే మిక్కీని మనం ప్రేమించగలమా? ప్లూటో నోరు మూతబడి ఉన్నంతవరకే మిక్కీ మంచి యజమాని.

మన ఛోటా భీమ్‌లో జగ్గు కోతే అయినా మాట్లాడతాడు. ఎందుకంటే వాడు భీమ్ పెంచుకునే కోతి కాదు, జట్టులో ఒకడు.

కథకు మాట అవసరమా కాదా అన్నది ఇంకో లెక్క. అనంతామాత్యుడి భోజరాజీయంలో ఆవు, పులి కథ చాలామంది బడిలో చదివే ఉంటారు. దూడకు పాలిచ్చి తిరిగొస్తానని ఆవు పులికి మాట ఇస్తుంది, ఇచ్చిన మాట మీద నిలబడి తిరిగొస్తుంది. మాట రాని ఆవు మాట ఎలా ఇస్తుంది? అక్కడ కథంతా మాటే. అదే మా అమ్మమ్మగారింట్లో గేదె ఉండేది. పాలు పితుకుతున్నంతసేపూ అమ్మమ్మ దానికి ఇంటి గొడవలన్నీ చెప్పుకునేది, మధ్యమధ్యలో తిట్టేది. అది చెవులు ఆడిస్తూ వినేది. అది కూడా పూర్తి సంభాషణేనని నాకు ఈ వృత్తిలోకి వచ్చాకే అర్థమైంది.

మాట ఉండాలా వద్దా అన్నది జంతువు జాతిని బట్టి తేలదనడానికి నాకు తెలిసిన గట్టి రుజువు వైల్ ఇ. కయోటీ. రోడ్ రన్నర్ అనే పక్షి వెంటపడే ఆ నక్కలాంటి జంతువు 1949లో మొదలైంది. ఎడారిలో లోయలో పడుతున్నా నోరు విప్పదు, మహా అయితే ఒక అట్టముక్క పైకెత్తి చూపిస్తుంది. అదే కయోటీ 1952లో బగ్స్ బన్నీ ఎదురుగా నిలబడి తనెంత మేధావో దర్జాగా ఉపన్యాసమిచ్చింది. కుందేలుతో జరిగేది తెలివితేటల పోటీ, అక్కడ గొప్పలు చెప్పుకోవాలి. ఎడారిలో జరిగేది పరుగు. గొప్పలు వినేవాడెవడు?

మూగ జంతువుంటే పని తేలికని అనుకునేవాళ్లకు 1934 నాటి ప్లూటో కార్టూన్ ఒకటి చూపించాలని ఉంటుంది. ఈగలు పట్టే జిగురు కాగితం ప్లూటోకు అంటుకుంటుంది. ఒకచోట పీకితే ఇంకోచోట అంటుకుంటుంది. ప్లూటో ఆగుతుంది. కాగితం వంక చూస్తుంది. ఆలోచిస్తుంది. ఇంకో ఉపాయం వేస్తుంది, అదీ బెడిసికొడుతుంది. నార్మ్ ఫెర్గూసన్ గీసిన ఆ ఘట్టంలో కుక్క బుర్రలో ఏం నడుస్తోందో ఒక్క మాట లేకుండా కనిపిస్తుంది. మట్టిబొమ్మలతో తీసిన 'వాలెస్ అండ్ గ్రోమిట్'లోని కుక్క గ్రోమిట్ సంగతీ అంతే. దానికి గొంతు పెట్టాలనే దాని సృష్టికర్త నిక్ పార్క్ మొదట అనుకున్నారు. కనుబొమ్మ కాస్త కదిపితేనే చెప్పాల్సిందంతా వచ్చేస్తోందని తెలిశాక మానుకున్నారు. ఇప్పుడు చూడండి, గ్రోమిట్‌కు నోరే కనిపించదు.

డబ్బింగ్ మనిషిగా ఇంకోటి చెప్పాలి. మూగపాత్రకు భాష అడ్డురాదు. టామ్ కాలిమీద ఇస్త్రీపెట్టె పడితే పెట్టే ఆ కేక దాని సృష్టికర్తల్లో ఒకరైన విలియం హన్నా గొంతు. దాన్ని ఏ భాషలోకీ మార్చక్కర్లేదు.

ఇదంతా నాకు మొదట్లోనే తెలిసి ఉంటే బాగుండేది. నాలుగేళ్ల క్రితం ఒక విదేశీ కార్టూన్‌కు రాస్తున్నప్పుడు, అందులోని కుక్క అసలు మాట్లాడదు. పని ఇచ్చినవాళ్లు 'అక్కడ మరీ ఖాళీగా ఉంది, కుక్క మనసులో అనుకుంటున్నట్టు నాలుగు డైలాగులు పెట్టండి' అన్నారు. పెట్టాను. తలుపు దగ్గర కూర్చుని ఎదురుచూసే సీన్‌లో 'అబ్బా, ఈ అబ్బాయి ఇంకా రాలేదేంటి, ఆకలేస్తోంది' అని రాశాను. పంచులు బాగా పడ్డాయని మెచ్చుకున్నారు కూడా.

ఇంట్లో మా అక్క కూతురికి చూపించాను, దానికప్పుడు అయిదేళ్లు. రెండు నిమిషాలు చూసి బొమ్మల పుస్తకం తీసుకుంది. బాలేదా అంటే, 'ఎవరో మాట్లాడుతున్నారు మామా, కుక్క కాదు' అంది. మర్నాడు ఆ లైన్లు లేని ముక్క తెచ్చి మళ్లీ పెట్టాను. అదే తలుపు, అదే కుక్క, బయట వాన చప్పుడు తప్ప ఇంకేం లేదు. పిల్ల కుర్చీలోంచి దిగి టీవీకి దగ్గరగా వెళ్లింది. కాసేపటికి నా వైపు తిరక్కుండానే, 'దానికి ఆకలి కాదు మామా, వాడు తడిసిపోతాడేమోనని భయం' అంది.

సీన్ మళ్లీ చూశాను. కుక్క చూస్తున్నది ఖాళీ గిన్నె వైపు కాదు, వంకెకు వేలాడుతున్న గొడుగు వైపు. అన్నిసార్లు చూసి రాసిన నాకు ఆ గొడుగు కనిపించలేదు.