మీ ప్రశ్నలు, మా జవాబులు: కొత్త ట్రాక్టర్ ఇంజిన్‌కు సింథటిక్ ఆయిల్ ఎప్పుడు?

ప్రశ్న: కొత్తగా 45 హెచ్‌పీ ట్రాక్టర్ తీసుకున్నాం. అవర్ మీటర్ మీద 38 గంటలు తిరిగాయి. 50 గంటల సర్వీసుకే సింథటిక్ ఆయిల్ పోయించేద్దామంటే, ఒక మెకానిక్ "ఇప్పుడే వద్దు, రింగులు కూర్చోవు" అంటున్నాడు. ఇంకొకాయన 500 గంటలు దాటేదాకా ఆ ఊసే ఎత్తొద్దంటున్నాడు. ఎవరి మాట వినాలి?

జవాబు: 50 గంటలకు మీ ట్రాక్టర్ పుస్తకంలో రాసిన గ్రేడు మామూలు మినరల్ ఆయిలే పోయించండి. ఆ తర్వాతి సర్వీసులో, అంటే చాలా ట్రాక్టర్లకు 250 నుంచి 300 గంటల మధ్య, సింథటిక్‌కు మారండి. ఒక్కటే షరతు: ఈలోగా ఇంజిన్ ఆయిల్ తాగడం తగ్గి ఒకచోట నిలకడ పట్టాలి. 500 గంటలు ఆగాలన్నదానికి ఆధారమేమీ లేదు.

రింగులు, అంటే పిస్టన్ చుట్టూ ఉండే లోహపు వలయాలు, కూర్చోవడమంటే ఏమిటో తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. పిస్టన్ పైకీ కిందికీ కదిలే గొట్టాన్ని లైనర్ అంటారు. దాని లోపలి గోడ నున్నగా ఉండదు. హోనింగ్ రాళ్లతో ఒకదాన్నొకటి ఏటవాలుగా కోసుకునేలా సన్నటి గీతలు గీసి ఉంటారు. ఆ గీతల్లో ఆయిల్ నిలుస్తుంది. గీతల మధ్య ఉన్న గరుకు అంచులు రింగులతో రాసుకుని కాస్త అరిగి, రింగు చుట్టూరా గోడకు సరిగ్గా అతుక్కుంటుంది. రింగును గోడకు నొక్కి పట్టేది దాని స్ప్రింగు బలం ఒక్కటే కాదు. మండిన గ్యాసు రింగు వెనక్కి చేరి బయటికి నెడుతుంది, అసలు బలం అదే. లోడు లేకుండా నడిపితే ఆ ఒత్తిడి చాలదు. గోడ మీది ఆయిల్ పూర్తిగా గీకబడక అక్కడే మాడి, గట్టి పొరలా గీతల్ని పూడ్చేస్తుంది. దీన్ని గ్లేజింగ్ అంటారు. ఒకసారి అది గట్టిగా పట్టిందంటే ఏ ఆయిల్ పోసినా ప్రయోజనం ఉండదు. చాలాసార్లు ఇంజిన్ విప్పి మళ్లీ హోనింగ్ చేయించాల్సి వస్తుంది.

కాబట్టి రింగులు కూర్చోవడం డబ్బాలోని ఆయిల్ కన్నా తొలి గంటల్లో బండి నడిపిన తీరు మీదే ఎక్కువ ఆధారపడుతుంది. కంపెనీ నుంచే సింథటిక్ ఆయిల్‌తో వచ్చే కొత్త ఇంజిన్లు బోలెడున్నాయి, వాటి రింగులు బాగానే కూర్చుంటున్నాయి. ఇప్పటి హోనింగ్‌లో పై అంచుల్ని ఫ్యాక్టరీలోనే కొంత చదును చేసి పంపుతున్నారు కూడా. సింథటిక్ పోస్తే రింగులు కూర్చోనే కూర్చోవన్న మాట ఆ లెక్కన అతిశయోక్తే.

మరి ఆగమనడం ఎందుకంటే, తొలి ఆయిల్‌లో రింగులు, బేరింగులు, గేర్ల నుంచి రాలిన ఇనుప పొడి, అక్కడక్కడా పోత ఇసుక రేణువులు, గాస్కెట్లకు పూసిన సీలెంట్ తునకలు ఉంటాయి. 50 గంటలకే దాన్ని తీసేయమనేది అందుకే. రెండో ఆయిల్ కాలంలోనూ ఈ అరుగుదల కాస్త సాగుతుంది. ఆ దశలో ఖరీదైన ఆయిల్ పోసి మీరు పొందే అదనపు లాభం దాదాపు ఏమీ ఉండదు. ఇంకో చిక్కుంది. ఈలోగా ఇంజిన్ ఆయిల్ తాగుతోందనుకోండి, రింగులు ఇంకా కుదురుకోక తాగుతోందా, ఆయిల్ మార్చడం వల్లా అన్నది తేల్చుకోలేరు. వారంటీలో ఉన్న బండికి ఆ అయోమయం మంచిది కాదు.

కొన్ని కంపెనీలు తొలిసారి నింపేందుకు ప్రత్యేకమైన రన్-ఇన్ ఆయిల్ వాడతాయి. అలాంటి వాటికి పుస్తకంలో ఇన్ని గంటలకు ముందు తీయొద్దు, ఇన్ని గంటలు దాటనివ్వొద్దు అని రెండు అంకెలు ఉంటాయి. రెండూ పాటించండి. అప్పుడు మేం చెప్పిన 50 గంటల లెక్క మీకు వర్తించదు. పుస్తకంలోనే సింథటిక్ పోయమని ఉంటే ఈ చర్చే అక్కర్లేదు.

మీ బండికి ఇంకా 12 గంటలున్నాయి. అయిదు నిమిషాలకు మించి ఊరికే ఐడ్లింగ్‌లో ఉంచకండి. దుక్కి, రోటవేటర్, ట్రాలీ... ఏ పనైనా మధ్యస్థం నుంచి కొంచెం బరువైన లోడు పడేలా చూడండి. ఒకే రేసులో గంటల తరబడి వదిలేయకుండా మారుస్తూ ఉండండి. పెద్ద గేరులో తక్కువ రేసు మీద ఇంజిన్ మూలుగుతూ లాగే పరిస్థితి రానివ్వొద్దు. అలాగని పూర్తి లోడు మీద ఆపకుండా రోజంతా లాగించకండి.

ఇక నిలకడ తెలుసుకోవడం. రోజూ ఉదయం స్టార్ట్ చేయకముందే, ఒకే చదునైన చోట బండి నిలిపి డిప్‌స్టిక్ చూడండి. కడ్డీ తీసి, తుడిచి, మళ్లీ చివరిదాకా దించి తీసినప్పుడు కనిపించేదే అసలు మట్టం. ఎన్ని గంటల దగ్గర ఎంత ఆయిల్ కలిపారో ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. 50 నుంచి 100 గంటల మధ్య అర లీటరు కలిపి, 100 నుంచి 150 మధ్య పావు లీటరుకు తగ్గి, ఆ తర్వాతి 50 గంటల్లోనూ అంతే ఉంటే రింగులు కుదురుకున్నట్టే. ఇంజిన్ అడుగు భాగంలోని గ్యాసును బయటికి వదిలే బ్రీదర్ పైపు దగ్గరా ఒక కన్నేయండి. వేడి ఇంజిన్‌లో పల్చటి ఆవిరి రావడం మామూలే. గుప్పుగుప్పున పొగ కొడుతూ, పైపు చివర ఆయిల్ చుక్కలు కడుతుంటే గ్యాసు రింగుల్ని దాటి కిందికి దిగుతోందని అర్థం. 250 గంటలకూ ఆయిల్ ఖర్చు తగ్గకపోయినా, నీలం పొగ పోకపోయినా సింథటిక్ మాట పక్కనపెట్టి, ఆ కాగితం పట్టుకుని వారంటీ కింద అడగండి.

ప్రశ్న: పుస్తకంలో 15డబ్ల్యూ-40 అని ఉంది. సింథటిక్‌లో ఎక్కువగా 5డబ్ల్యూ-40 దొరుకుతోంది. పల్చబడి ఇంజిన్ పాడవుతుందా?

జవాబు: పాడవదు. డబ్ల్యూకు ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎలా కదులుతుందో చెబుతుంది. 15డబ్ల్యూకు ఇంజిన్ తిరిగే పరీక్ష మైనస్ 20 డిగ్రీల దగ్గర, 5డబ్ల్యూకు మైనస్ 30 దగ్గర పెడతారు. ఇంజిన్ వేడెక్కాక రెండూ 40 గ్రేడే. 100 డిగ్రీల వద్ద రెండింటి చిక్కదనమూ 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్స్ మధ్యే ఉండాలి. పుస్తకంలోని ఉష్ణోగ్రత పట్టికలో 5డబ్ల్యూ-40 కనిపిస్తే నిశ్చింతగా వాడొచ్చు.

గ్రేడు కన్నా ముందు డబ్బా మీద ఆయిల్ నాణ్యత స్థాయిని చెప్పే ఏపీఐ గుర్తు చూడండి. పుస్తకం సీఐ-4 అడిగితే సీఐ-4 ప్లస్, సీకే-4 కూడా మామూలుగా సరిపోతాయి. సైలెన్సర్ వైపు పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ ఉన్న ఇంజిన్‌కు సీజే-4 లేదా సీకే-4 వంటి బూడిద తక్కువ మిగిల్చే ఆయిలే పోయాలి. లేకపోతే ఆ బూడిద డీపీఎఫ్‌లో పేరుకుంటుంది, మసిలాగా కాలిపోదు. ఎఫ్ఏ-4 అని ఉన్నది మాత్రం పుస్తకం పేరుపెట్టి అడిగితే తప్ప కొనకండి. అది వేడిలో కావాలనే పల్చగా ఉండేలా కొన్ని లారీ ఇంజిన్ల కోసం చేసినది. "సింథటిక్ టెక్నాలజీ" అని రాసి ఉన్న డబ్బాలో చాలాసార్లు మినరల్ కలిపిన సెమీ సింథటిక్ ఉంటుంది. పూర్తి సింథటిక్ ధర పెట్టేముందు ఆ మాట రెండుసార్లు చదవండి.

టర్బో లేని చిన్న ఇంజిన్, గడ్డకట్టే చలి లేని చోటు, ఏడాదికి 300 గంటల పని... ఇదే మీ లెక్కయితే మంచి మినరల్ ఆయిల్ వేళకు మార్చుకోవడమే చాలు. సింథటిక్ గట్టిగా అక్కరకొచ్చేది టర్బో ఉన్న ఇంజిన్లకు, తెల్లవారుజామున గడ్డకట్టే చలిలో స్టార్ట్ చేయాల్సిన వాటికి, ఎండలో గంటల కొద్దీ పూర్తి లోడు లాగే వాటికి.

ప్రశ్న: మినరల్ నుంచి మారేటప్పుడు ఇంజిన్‌ను ఫ్లష్ చేయాలా? ఇంట్లోనే మార్చుకునే పద్ధతి చెప్పండి.

జవాబు: కొత్త ఇంజిన్‌కు ఫ్లష్ అవసరం లేదు. మామూలు డీజిల్ ఇంజిన్లకు అమ్మే సింథటిక్, మినరల్ ఆయిళ్లు ఒకదాంతో ఒకటి కలుస్తాయి. అడుగున మిగిలిపోయే కాస్త పాత ఆయిల్ వల్ల నష్టమేమీ ఉండదు. డీజిలో కిరోసినో పోసి కడగడమే ప్రమాదం. అది సందుల్లో నిలిచి కొత్త ఆయిల్‌ను పల్చబరుస్తుంది.

బండిని కాసేపు పనిలో నడిపి, వేడిగా ఉన్నప్పుడే చదును నేల మీద నిలపండి. వెనక పరికరం నేలకు దించి, హ్యాండ్ బ్రేక్ వేసి, తాళం తీసేయండి. చేతికి గ్లోవ్స్ లేకుండా డ్రెయిన్ బోల్ట్ ముట్టొద్దు, ఆయిల్ చర్మం ఊడేంత కాలుస్తుంది. 20 నిమిషాలు కారనివ్వండి. బోల్టుకు అయస్కాంతం ఉంటే దానికి అంటిన బూడిదరంగు పేస్టును వేళ్ల మధ్య నలపండి. మెత్తగా ఉంటే మామూలే. గోటికి తగిలే ముక్కలో, మెరిసే రేకులో కనిపిస్తే కొత్త ఆయిల్ పోయకుండా మెకానిక్‌కు చూపించండి. బోల్టు వాషర్ ప్రతిసారీ కొత్తదే వేయండి.

ఎక్కువమంది దెబ్బతినేది ఫిల్టర్ దగ్గరే. పాత ఫిల్టర్ విప్పినప్పుడు దాని రబ్బరు రింగు ఒక్కోసారి ఊడిరాకుండా ఇంజిన్ ముఖానికే అంటుకుపోతుంది. చూసుకోకుండా దాని మీదే కొత్తది బిగిస్తే రెండు రబ్బర్లు ఒకదానిపై ఒకటి పడతాయి. స్టార్ట్ చేశాక ఒత్తిడికి పై రబ్బరు పక్కకు తన్నుకొచ్చి, నిమిషాల్లో ఆయిలంతా నేలపాలవుతుంది. డ్రైవర్ గమనించకపోతే ఇంజిన్ జామ్. అందుకే పాత ఫిల్టర్ తిప్పి రబ్బరు ఉందో లేదో చూడండి, ఇంజిన్ ముఖం గుడ్డతో తుడవండి. కొత్త రబ్బరుకు కాస్త ఆయిల్ రాసి, అది తగిలాక చేత్తో ముప్పావు చుట్టు బిగించండి. ఫిల్టర్ మీద వేరే లెక్క రాసి ఉంటే అదే పాటించండి. పానాతో బిగించొద్దు.

పుస్తకంలో ఫిల్టర్‌తో కలిపి ఎన్ని లీటర్లని ఉందో అంతకు అర లీటరు తగ్గించి పోయండి. స్టార్ట్ చేసి రేసు ఇవ్వకుండా ఉంచండి. ఆయిల్ లైటు 10 సెకన్లలో ఆరకపోతే వెంటనే ఆపేయండి. రెండు నిమిషాలు నడిపి ఫిల్టర్, బోల్టు దగ్గర కారుతోందేమో చూసి, ఆపి, 10 నిమిషాలాగి డిప్‌స్టిక్ చూస్తూ మిగతాది కలపండి. పై గీత దాటించొద్దు. మట్టం ఎక్కువైతే క్రాంక్ ఆయిల్‌ను చిలికి నురగ చేస్తుంది, నురగ బేరింగుల్ని కాపాడలేదు. పాత ఆయిల్‌ను కాలువలోనో చేలోనో పారబోయకుండా డబ్బాలో పట్టి, వాడేసిన ఆయిల్ సేకరించేవారికే ఇవ్వండి.

ప్రశ్న: సింథటిక్ పోశాం కదా, 250 గంటలకు బదులు 500 గంటలకు మార్చొచ్చా?

జవాబు: వారంటీ ఉన్నంతకాలం పుస్తకంలోని గంటలే పాటించాలి. బిల్లులు దాచుకోండి. సింథటిక్ వేడికి త్వరగా మాడదు, నిజమే. కానీ చేరే మసి, కలిసే డీజిల్, దూరే దుమ్ము ఏ ఆయిల్‌లోనైనా ఒకటే. ఫిల్టర్ సామర్థ్యమూ పెరగదు. వారంటీ తీరాక గంటలు పెంచాలనుకుంటే ల్యాబులో ఆయిల్ పరీక్ష చేయించి, చిక్కదనం, టీబీఎన్ (ఆమ్లాలను విరిచే శక్తి ఎంత మిగిలిందో చెప్పే అంకె), ఇనుము, సిలికాన్, డీజిల్ శాతం చూసుకుని పెంచండి. కొత్త ఇంజిన్ తొలి పరీక్షలో సిలికాన్ ఎక్కువ కనిపిస్తే కంగారొద్దు, అది సీలెంట్ నుంచి కూడా వస్తుంది. తర్వాతి పరీక్షల్లో సిలికాన్, ఇనుము, అల్యూమినియం మూడూ కలిసి పెరిగితే మాత్రం ఎయిర్ క్లీనర్ నుంచి ఇంజిన్‌కు వెళ్లే పైపు, క్లిప్పులు వెతకండి. దుమ్ము తాగే ఇంజిన్ ఎంత మంచి ఆయిల్ పోసినా బోరుకొస్తుంది.

గంటలు నిండకపోయినా ఏడాదికోసారి మార్చాల్సిందే.

ప్రశ్న: కొత్త ఆయిల్ పోసిన పది గంటలకే నల్లబడింది. నకిలీదా?

జవాబు: కాదు. డీజిల్ మసిని ముద్దకట్టనివ్వకుండా తనలో తేలేలా పట్టుకోవడం ఆయిల్ పని, అందుకే నల్లబడుతుంది. రంగు చూసి ఏదీ తేల్చలేరు. పాలు కలిపిన టీ రంగుకు మారితేనే నీళ్లు చేరాయని అనుమానించాలి.

ప్రశ్న: ఇదే సింథటిక్ ఇంజిన్ ఆయిల్‌ను గేరుబాక్సు, హైడ్రాలిక్‌కు కూడా పోయొచ్చా?

జవాబు: వద్దు. ఆయిల్‌లో మునిగి ఉండే బ్రేకులున్న ట్రాక్టర్లలో ఆ ఆయిల్‌కు బ్రేకు ప్లేట్ల రాపిడికి తగ్గ మందులు కలుపుతారు. మామూలు ఇంజిన్ ఆయిల్ పోస్తే బ్రేకులు కీచుమంటాయి, అదురుతాయి లేదా జారతాయి. అక్కడ గేరుబాక్సు, హైడ్రాలిక్, బ్రేకులు మూడింటికీ కలిపి చేసిన యూటీటీఓ రకం ఆయిల్, అదీ పుస్తకం చెప్పిన ప్రమాణానికి సరిపోయేదే వాడాలి. ఇంజిన్‌కూ గేరుబాక్సుకూ ఒకటే పనికొచ్చే ఎస్‌టీఓయూ రకం వేరే ఉంది. అది వాడాలన్నా పుస్తకంలో అనుమతి ఉండాలి.

ప్రశ్న: సింథటిక్‌కు మారాక డిప్‌స్టిక్ మీద మట్టం తగ్గకపోగా పెరుగుతోంది. ఆయిల్ ఉబ్బుతుందా?

జవాబు: ఆయిల్ ఉబ్బదు, ఇంకేదో వచ్చి కలుస్తోంది. డిప్‌స్టిక్ చివరి చుక్క వాసన చూడండి. డీజిల్ వాసన వేస్తే ఇంజెక్టరు కారడం, ఫీడ్ పంపు డయాఫ్రమ్ చిరగడం లేదా ఇంజెక్షన్ పంపు సీలు పోవడం కారణాలు కావచ్చు. డీపీఎఫ్ ఉన్న బండిలో, అది మసిని కాల్చి శుభ్రమయ్యే ప్రక్రియను మధ్యలో పదేపదే ఆపేసినా అందుకోసం అదనంగా కొట్టిన డీజిల్ ఆయిల్ చాంబర్‌లోకి దిగుతుంది. వాసన లేకుండా మట్టం పెరుగుతూ, అదే సమయంలో హైడ్రాలిక్ ఆయిల్ తగ్గుతుంటే, ఇంజిన్ గేర్లతో తిరిగే హైడ్రాలిక్ పంపు షాఫ్టు సీలు పోయినట్టు. పాలు కలిపిన టీ రంగులో ఉండి రేడియేటర్ నీళ్లు తగ్గుతుంటే గాస్కెట్ లేదా లైనర్ సీలు. ఏదైనా సరే కారణం తేలేదాకా బండి పనికి పంపొద్దు. బాగుచేయించాక ఆయిల్, ఫిల్టర్ రెండూ మళ్లీ మార్చండి. పాత ఆయిల్ పోసి ఎన్ని గంటలైందన్నది చూడొద్దు.