విడాకుల కాగితాలు: ఎక్కడ ఖర్చు పెట్టాలి, ఎక్కడ అక్కర్లేదు

ప్రశ్న: నాకు 33 ఏళ్లు. గుంటూరులో ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని, జీతం 24 వేలు. మావారు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నారు. పెళ్లి గుంటూరులోనే జరిగింది, ఆరేళ్లయింది, పిల్లలు లేరు. 14 నెలలుగా విడిగా ఉంటున్నాం. విడాకులకి ఇద్దరం ఒప్పుకున్నాం. హైదరాబాద్‌లోని ఫ్లాట్, దాని మీద ఉన్న లోన్ ఇద్దరి పేరు మీదా ఉన్నాయి. ఫ్లాట్ తను ఉంచుకుని, నాకు అన్నీ కలిపి 12 లక్షలు ఇస్తానంటున్నారు. లాయరుగారు 90 వేలు అడిగారు. ఆన్‌లైన్‌లో ఫారాలు అమ్మేవాళ్లు కొన్ని వేలకే పని అయిపోతుందంటున్నారు. పెద్దమనుషుల ముందు వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసుకుంటే చాలని మా పెదనాన్న అంటున్నారు. నా చేతిలో ఉన్నది 60 వేలే. తక్కువ ఖర్చులో ఎలా పూర్తి చేసుకోవాలి?

జవాబు: ముందు మీ పెదనాన్నగారి మాట తేల్చేద్దాం, ఎందుకంటే పైకి అన్నిటికన్నా చవగ్గా కనిపించేది అదే. హిందూ వివాహ చట్టం ప్రకారం జరిగిన పెళ్లిని కోర్టు డిక్రీయే, అంటే కోర్టు ఇచ్చే తీర్పు పత్రమే, రద్దు చేయాలి. స్టాంపు కాగితం వంద రూపాయలదైనా, వెయ్యిదైనా, దాని మీద నోటరీ ముద్ర ఉన్నా, పదిమంది సంతకాలున్నా మీరు చట్టప్రకారం భార్యాభర్తలే. తరతరాలుగా వస్తున్న కులాచారం ఉంటే చట్టం దాన్ని గుర్తిస్తుంది గానీ, ఆ ఆచారం ఉందని కోర్టులో రుజువు చేయాల్సిన బరువు మీ మీదే పడుతుంది. ఆ కాగితాన్ని నమ్ముకుని మీలో ఎవరైనా మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆ పెళ్లి చెల్లదు, పైగా నేరం. రేపు ఆయన పీఎఫ్ దగ్గరో, ఫ్లాట్ వారసత్వం దగ్గరో పేచీ వస్తే ఆ కాగితం ఎవరికీ అక్కరకు రాదు. పెద్దమనుషుల్ని కూర్చోబెట్టడం తప్పు కాదు. లెక్కలు తేల్చడానికి వాళ్ల సాయం తీసుకోండి. విడాకులు మాత్రం కోర్టులోనే.

మీది పరస్పర అంగీకార విడాకుల కేసు, అంటే సెక్షన్ 13బి. ఏడాదికి పైగా విడిగా ఉన్నారు కాబట్టి ఇద్దరూ కలిసి ఒకే పిటిషన్ వేయొచ్చు. వేశాక ఆరు నెలలు ఆగి, పద్దెనిమిది నెలలు దాటకుండా రెండోసారి కోర్టుకి వెళ్లి మా నిర్ణయం మారలేదని చెప్పాలి. అప్పుడు డిక్రీ వస్తుంది. కావాల్సిన కాగితాలు ఎక్కువేమీ కావు. పిటిషన్, ఇద్దరి అఫిడవిట్లు, మ్యారేజ్ సర్టిఫికెట్ (అది లేకపోతే శుభలేఖ, పెళ్లి ఫోటోలు), ఆధార్ నకళ్లు, పాస్‌పోర్టు సైజు ఫోటోలు, ఒప్పందపత్రం. కోర్టు ఫీజు చాలా చిన్న మొత్తం. మిగతా ఖర్చంతా లాయరు ఫీజు, గుమాస్తా ఖర్చులు, వాయిదాలకి తిరిగే చార్జీలు, ఆ రోజుల్లో పోయే జీతం. ఈ చివరిదాన్ని ఎవరూ లెక్కలో వేసుకోరు. జీతం కోత పడే ఉద్యోగంలో అది చిన్నదేమీ కాదు.

అందుకే ఏ ఊళ్లో వేయాలనేది డబ్బుకు సంబంధించిన ప్రశ్నే. పెళ్లి జరిగిన ఊళ్లో గానీ, ఇద్దరూ చివరిగా కలిసి ఉన్న ఊళ్లో గానీ వేయొచ్చు. మీకు రెండూ ఉన్నాయి, గుంటూరు, హైదరాబాద్. ఆయనకి సెలవు దొరకడం తేలికైతే గుంటూరే ఎంచుకోండి. మీరు ఉండేదీ అక్కడే, ఇప్పుడు నేను చెప్పబోయే ఉచిత సాయం మీకు దగ్గర్లో దొరికేదీ అక్కడే.

90 వేలు అనగానే భయపడిపోయారు గానీ, అసలు మీరు లాయరు ఫీజే కట్టక్కర్లేదు. 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం సెక్షన్ 12 ప్రకారం ఆడవాళ్లందరికీ ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. దీనికి ఆదాయ పరిమితి లేదు. చదువుకుని జీతం తెచ్చుకునేవాళ్లు ‘అది బీదవాళ్లకి కదా’ అని ఆ గుమ్మం తొక్కరు. మీరు ఆ మొహమాటం పెట్టుకోకండి. జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. ఆధార్ నకలుతో వెళ్లి తెల్లకాగితం మీద మీ సంగతి రాసిచ్చినా తీసుకుంటారు. ముందు ఫోన్‌లో కనుక్కోవాలంటే 15100కి చేయండి. ప్యానెల్ లాయర్ని, అంటే ఆ సంస్థ జాబితాలో ఉన్న లాయర్ని, ఇస్తారు. పిటిషన్ రాయించడం, కోర్టు ఫీజు, డిక్రీ నకళ్ల ఖర్చు కూడా ఈ సాయంలోకే వస్తాయి. ఇచ్చిన లాయరు పక్కకి పిలిచి ‘పైఖర్చులకి’ అని అడిగితే ఇవ్వకండి. ఆ సంస్థ కార్యదర్శి న్యాయాధికారి, నేరుగా ఆయనకే చెప్పండి. ప్యానెల్ లాయర్లలో ఓపిగ్గా చేసేవాళ్లు ఉంటారు, ఫోన్ ఎత్తనివాళ్లూ ఉంటారు. నచ్చకపోతే మార్చమని అడగొచ్చు.

ఆన్‌లైన్ ఫారాల సంగతి. ఫ్యామిలీ కోర్టుల చట్టం ప్రకారం లాయరు లేకుండా మీ కేసు మీరే నడుపుకోవచ్చు. కానీ కొన్న ఫారం మీ కోర్టు పద్ధతికి సరిపోకపోతే ఆఫీసు అభ్యంతరాలు రాసి రిటర్న్ చేస్తుంది. సరిదిద్ది మళ్లీ వేయాలి, మళ్లీ ఓ పూట సెలవు. ఉచితంగా లాయరు దొరికే అవకాశం ఉండగా ఫారానికి డబ్బు పోయడం దండగ. ‘15 రోజుల్లో విడాకులు’ అన్న ప్రకటనల జోలికి అసలు పోకండి.

ఆరు నెలల గడువు తీయించేస్తామని, దానికి విడిగా ఇంత అని కొందరు లాయర్లు చెబుతారు. ఆ గడువు తప్పనిసరి కాదని, కొన్ని షరతులుంటే కోర్టు మాఫీ చేయొచ్చని 2017లో అమర్‌దీప్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట నిజమే. కానీ అందులో ఒక షరతు, పిటిషన్ వేసేనాటికే ఏడాదిన్నర విడిగా ఉండి ఉండాలన్నది. మీకు 14 నెలలే అయింది. మరో నాలుగు నెలలు ఆగి వేసి, మాఫీ అడిగి, అది దొరికినా మీకు కలిసొచ్చేది నెలా నెలన్నరే. దొరుకుతుందన్న హామీ కూడా లేదు. ఇప్పుడే వేసేయండి, ఆరు నెలలు గడవనివ్వండి. ఎవరికైనా రెండో పెళ్లి ముహూర్తమో, విదేశీ ప్రయాణమో ఉంటే తప్ప ఆ పిటిషన్‌కి డబ్బు పెట్టొద్దు.

ఇక మీరు అడగని సంగతి. మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టింది 90 వేలు కాదు, ‘అన్నీ కలిపి 12 లక్షలు’ అన్న మాట.

‘అన్నీ’ అంటే ఏమేమిటి? ఫ్లాట్‌లో మీ వాటా ఎంత, భరణం ఎంత, పుట్టింటివాళ్లు పెట్టిన బంగారం ఎవరి దగ్గరుంది, అది ఇందులో కలిసిందా లేదా? ఒప్పందపత్రంలో ఇవి విడివిడిగా రాయించండి. పన్ను కోసం కూడా ఇది అవసరం. ఒకేసారి ఇచ్చే శాశ్వత భరణాన్ని ఆదాయంగా కాక మూలధనంగా చూస్తారు, కాబట్టి దాని మీద పన్ను పడదు. నెలనెలా తీసుకునే భరణం మాత్రం ఆదాయం కిందికే వస్తుంది. ఫ్లాట్‌లో వాటా వదులుకున్నందుకు వచ్చే డబ్బు లెక్క మళ్లీ వేరు, మూలధన లాభం (ఆస్తి ఇచ్చేయడంలో మిగిలే లాభం) మీద పన్ను ప్రశ్న వస్తుంది. అంతా ఒకే అంకెగా రాస్తే తర్వాత ఏది ఏమిటో చెప్పుకోలేరు. బంగారం గ్రాముల్లో, వస్తువు పేరుతో జాబితా రాయండి. మీ బంగారం మీ స్త్రీధనం, అంటే మీ ఒక్కరి సొంత ఆస్తి, ఆయన ఇచ్చే లక్షల్లో అది కలవదు.

లోన్ విషయం ఇంకా ముఖ్యం. ‘ఇకమీదట ఈఎంఐలన్నీ భర్తే కట్టాలి’ అని డిక్రీలో రాసినంత మాత్రాన బ్యాంకు దానికి కట్టుబడి ఉండదు. బ్యాంకు పుస్తకాల్లో మీరు సహ రుణగ్రహీతగా ఉన్నంతకాలం ఆయన ఒక్క కిస్తీ ఎగ్గొట్టినా మీ సిబిల్ స్కోరు దెబ్బతింటుంది, వసూలుకి మీ దగ్గరికీ వస్తారు. విడాకులైన నాలుగేళ్లకి మీరు సొంతంగా లోన్‌కి వెళ్లినప్పుడు ఈ పాత లోన్ అడ్డం వస్తుంది. అందుకని ఆయన ఒక్కరి జీతం మీద ఆ లోన్ నిలుస్తుందేమో ఇప్పుడే బ్యాంకులో అడగమనండి. మీ పేరు తొలగించినట్టు బ్యాంకు ఉత్తరం ఇచ్చాకే ఫ్లాట్‌లో మీ వాటా వదులుకుంటూ దస్తావేజు రాయాలని ఒప్పందంలో పెట్టించండి. ఈ దస్తావేజు డిక్రీకి ముందు రాస్తే ఎంత, తర్వాత రాస్తే ఎంత అన్నది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో కనుక్కోండి. కుటుంబ సభ్యుల మధ్య రాసుకునే కొన్ని రకాల దస్తావేజులకి స్టాంపు డ్యూటీ తక్కువ, డిక్రీ వచ్చాక మీరు ఆ లెక్కలోకి రారు. ఆదా అయ్యేది ఆయన డబ్బే అయినా, బేరంలో మీకు పనికొస్తుంది.

12 లక్షలూ చేతికి ఎప్పుడొస్తాయి? డిక్రీ అయ్యాక ఇస్తాను అంటే ఒప్పుకోకండి. మొదటి విచారణ రోజున కొంత, రెండో విచారణ రోజున జడ్జిగారి ముందు మిగతాది, రెండూ డీడీల రూపంలో, నంబర్లు రికార్డులో ఎక్కేలా. డిక్రీ వచ్చేలోపు ఎవరైనా తమ అంగీకారాన్ని వెనక్కి తీసుకోవచ్చు. మీరు డబ్బంతా ముందే అడిగితే ఆయనకి ఆ భయం, ఆయన అంతా చివర్లో అంటే మీకు. సగం సగం అయితే ఇద్దరికీ టెన్షన్ తగ్గుతుంది.

మీ 60 వేలలో కొంత నేను ఖర్చు పెట్టమనేది ఇక్కడే. ఒప్పందపత్రం చిత్తుప్రతి సిద్ధమయ్యాక, సంతకం పెట్టే ముందు, మీ ఇద్దరితో సంబంధం లేని అనుభవమున్న లాయరు ఒకరికి సంప్రదింపు ఫీజు ఇచ్చి చదివించుకోండి. ఇద్దరికీ ఒకే లాయరు పిటిషన్ వేయడం మామూలే, ఖర్చూ తగ్గుతుంది. కానీ మీ వైపు నుంచి ఒకరు చదవాలి. ఉచిత సాయం కుదరక ప్రైవేటు లాయరుతోనే వెళ్లాల్సి వస్తే, ఫీజు వాయిదాకింత అని కాకుండా మొత్తం ఒక అంకె మాట్లాడుకుని దాఖలుకి, మొదటి విచారణకి, డిక్రీ నకలు చేతికొచ్చాక అని మూడు ముక్కలుగా ఇవ్వండి. అందులో సగం ఆయన్ని భరించమనడంలో తప్పేమీ లేదు.

డిక్రీ రాగానే కోర్టు కాపీయింగ్ సెక్షన్‌లో దరఖాస్తు పెట్టి రెండు మూడు సర్టిఫైడ్ నకళ్లు ఒకేసారి తీసుకోండి. పీఎఫ్, బీమా, బ్యాంకు ఖాతాల్లో నామినీ పేర్లు వాటంతట అవి మారవు, మీరే వెళ్లి మార్పించాలి.

ఆయన కంపెనీ ఆరోగ్య బీమాలో మీ పేరు ఉంటే డిక్రీతో అది పోతుంది. సొంత పాలసీలో పాత జబ్బులకి నిరీక్షణ కాలం ఉంటుంది కాబట్టి, ఈ ఆరు నెలలు గడిచేదాకా ఆగకుండా పిటిషన్ వేసిన నెలలోనే మీ పేరు మీద ఒక పాలసీ తీసుకోండి. దాని ప్రీమియం కూడా మీ 60 వేల లెక్కలో వేసుకోండి.